మా అమ్మాయి నుదురు, మా బావమరిది అరచెయ్యి

మా అమ్మాయి ఈ ఉదయం నుదుట బొట్టు పెట్టుకుందండీ! తొమ్మిది నెలల తరువాత, అద్దం ముందు నిలబడి, తన చేత్తో తనే, నడినుదుట ఎర్రటి బొట్టు పెట్టుకుంది. ఆ బొట్టు లోపలికి దిగిపోలేదు. గుండెతోపాటు ఎగిరెగిరి పడలేదు. పెట్టిన చోట పెట్టినట్టు కూర్చుంది. నేను ఆనందం పట్టలేక వీధిలోకి పరుగెత్తి పాలు పోసే ఆవిడకి చెప్పాను, ఎదురింటి పంతులుగారికి చెప్పాను, అరటిగెలల వ్యాను వెళుతుంటే ఆపి మరీ డ్రైవరుకి చెప్పాను. తరువాత ఫోను తీసి, అలవాటుకొద్దీ మొదటి నంబరు నొక్కబోయి ఆగిపోయాను. అది మా బావమరిది నంబరు. అతను పోయి ఈ రోజుకి పన్నెండు రోజులు.

అప్పటికి అమ్మాయి నుదుటికి ఆపరేషను జరిగి మూడో రోజు. మేము రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్నాము. అతని భార్య ఫోను చేసి, "అన్నయ్యగారండీ, షెడ్డులో ఈయన పలకట్లేదండీ" అంది. పొద్దున్నే షెడ్డు తెరిచి, స్టూలు మీద కూర్చుని, బాగుకొచ్చిన ఒక కారు తలుపు మీద చెయ్యి వేసి చూస్తూ అలాగే ఒరిగిపోయాడట. గుండె ఆగిందన్నారు. మొన్ననే పెద్దకర్మ జరిగింది. మా అమ్మాయి తల నిండా కుట్లు. గట్టిగా ఏడవకూడదని డాక్టరుగారు చెబితే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చింది.

నేను చదివింది ఏడో తరగతి. రాయడం అలవాటు లేదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. మా బావమరిది గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు. ముందే ఒక మాట చెప్పేస్తాను. అతనంటే నాకు ఇరవయ్యారేళ్ళుగా అసూయ. పోయినవారి మీద ఇలా రాయవచ్చునో లేదో తెలియదు. కానీ ఆ సంగతి దాచిపెట్టి రాస్తే అతని మంచితనం సగమే కనబడుతుంది.

మొదలు ఎక్కడంటే, అమ్మాయి పుట్టిన రోజున. మా అత్తగారు పిల్లని చేతిలోకి తీసుకుని, "అచ్చం మేనమామే! ఆ నుదురు చూడండి!" అంది. అంతే, వచ్చిన ప్రతివారూ అదే మాట. మేనమామ పోలిక వస్తే అదృష్టం అంటారు కదా మన పక్క. అందరూ నాకు అభినందనలు చెబుతుంటే నేను ఉయ్యాల పక్కన నిలబడి, నా ముక్కో, నా చెవో ఎక్కడైనా కనబడుతుందేమోనని వెతుకుతున్నాను. చివరికి మా పెద్దక్క జాలిపడి, "కాలి బొటనవేలు నీదేరా" అంది.

తరువాత ద్రాక్షారామంలో పుట్టువెంట్రుకలు తీయించాము. ఆచారం ప్రకారం పిల్ల మేనమామ ఒళ్ళోనే కూర్చోవాలి. మొదటి కత్తెర అతనే వెయ్యాలి. గుండు చేశాక గంధం కూడా అతనే రాశాడు. అప్పటిదాకా గుక్కపెట్టి ఏడ్చిన పిల్ల, ఆ అరచెయ్యి తల మీద తిరుగుతుంటే నోరు మూసి అలా ఉండిపోయింది. నేను పక్కన గంధం గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

మా బావమరిదిది టింకరింగు పని. గుద్దుకుని సొట్టలు పడిన కార్లనీ ఆటోలనీ సరిచేసేవాడు. ద్రాక్షారామం రోడ్డులో చిన్న రేకుల షెడ్డు. సొట్ట తీశాక మిగతావాళ్ళు కంటితో చూసుకుని సరే అంటారు. ఇతను అలా కాదు. పలుచటి గుడ్డ ఒకటి రేకు మీద వేసి, దాని మీదుగా అరచెయ్యి పోనిచ్చేవాడు, కళ్ళు మూసుకుని. "కంటిది ఏముంది బావగారండి, ఎండ పడితే ఒకలా, నీడ పడితే ఒకలా చెబుతుంది. అరచేతికి అబద్ధం రాదండి" అనేవాడు. ఆ మాట నాకు చెప్పి చెప్పి అరగదీశాడు. నేనూ ఒకసారి గుడ్డ వేసి చెయ్యి పోనిచ్చి చూశాను. నాకేమీ తెలియలేదు. తెలిసినట్టు తలూపాను.

అమ్మాయికి సైకిలు నేర్పింది అతనే. స్కూటరు నేర్పింది అతనే. అది ప్రైవేటు బడిలో టీచరుగా చేరిన రోజున మొదటి మిఠాయి పెట్టింది కూడా మావయ్యకే. నాకు రెండోది.

పోయిన కోతల తరువాత ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే పడిపోయింది. మన పక్క కోతలయ్యాక తారు రోడ్డే కళ్ళం కదండీ. ధాన్యం ఎండబోసి, బళ్ళు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతాము. నేనూ ఏటా పెడతాను. ఆ రోజు స్కూటరు ధాన్యం మీద జారింది. హెల్మెట్టు డిక్కీలో ఉంది. నుదురు రాయికి కొట్టుకుంది. ఎముక ముక్కలు ముక్కలై, అందులోకి మట్టి పోయింది. మళ్ళీ పెట్టడానికి పనికిరావని డాక్టర్లు తీసేశారు. ప్రాణం దక్కింది. నుదురు దక్కలేదు. నిలబడితే గుంటపడేది, వంగితే ఉబ్బేది, గుండె కొట్టుకుంటే పైకి కనబడేది. బడికి వెళ్ళడం మానేసింది. ఇంట్లో కూడా టోపీ తీసేది కాదు. దాని అమ్మ కుంకుమ భరిణె తీసి బీరువాలో పెట్టేసింది.

ఆసుపత్రి వరండాలో నేను మా బావమరిదితో అన్నాను: "స్కూటరు నేర్పింది నువ్వే." అతను నా మొహంలోకి చూడలేదు. "అవునండి, నేనే" అన్నాడు. రాళ్ళ సంగతి ఎత్తలేదు. నేనూ ఏటా అలాంటి రాళ్ళే పెడతానని అతనికి తెలుసు.

కొన్ని నెలలకి వాపు తగ్గింది. స్కాను చూసి, అమ్మాయి తలకి సరిపడేలా లోహంతో నుదుటి ముక్క తయారు చేసి అమర్చవచ్చునన్నారు. అదే త్రీడీ ప్రింటింగు. ఆసుపత్రి మేడ మీద ఒక గదిలో ఇంజనీరు అమ్మాయి ఒకామె ఆ డిజైను చేస్తుంది. వయసులో మా అమ్మాయి కంటే కాస్త పెద్ద, అంతే. నేనూ, మా ఇంటావిడా, మా బావమరిదీ వెళ్ళేసరికి కంప్యూటరు తెర మీద మా అమ్మాయి పుర్రె తిరుగుతోంది. ముందువైపు పెద్ద కన్నం. నేను కళ్ళు తిప్పుకున్నాను. అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఒక పక్క పోతే తేలికండి. రెండో పక్కని అద్దంలో తిప్పినట్టు తిప్పి అక్కడ పెడతాం" అంది ఇంజనీరమ్మాయి. "ఇక్కడ నడుమ పోయింది. రెండు పక్కలా లేదు. చూసి చెయ్యడానికి ఏదీ లేదు."

"కారుకి ఎడం చక్రం మీది రెక్క పోతే కుడి రెక్క చూసి కొట్టుకుంటాం" అన్నాడు మా బావమరిది. "ఇది బానెట్టు. బానెట్టుకి జోడీ ఉండదు. అంతేనా అమ్మా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "అంతే అంకుల్! ఇంత తేలిగ్గా మాకెవరూ చెప్పలేదు!"

ఆ తరువాత వాళ్ళిద్దరూ ఒక గంట మాట్లాడుకున్నారు. నేను ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నాను. కూతురు నాది, మాటలు వాళ్ళవి.

ఫోటోలు తెమ్మంటే తీసుకెళ్ళాము. అన్నీ ఎదురుగా నిలబెట్టి తీసినవే. వాటిలో సగం పాపిడి బిళ్ళ అడ్డం. పక్క నుంచి తీసింది ఒక్కటీ లేదు. ఇంజనీరమ్మాయి చూసి చూసి, "పోనీ ఇంట్లో ఎవరిదైనా ఇలాంటి నుదురే ఉందాండీ? ఉంటే ఆ వంపు పట్టుకుని మొదలుపెడతాను" అంది.

అప్పుడు మా బావమరిది గదిలో లేడు. మాకోసం ఇడ్లీలు తేవడానికి కిందకి వెళ్ళాడు.

"నాదేనండి" అన్నాను. "అచ్చం నాదే."

మా ఇంటావిడ నాకేసి తిరిగింది. పరాయివాళ్ళ ముందు నన్ను కాదనే మనిషి కాదు. ఇంజనీరమ్మాయి టార్చిలైటు లాంటి ఒక స్కానరు తెచ్చి నా మొహం చుట్టూ తిప్పింది. "ఎక్స్‌రే కాదండి, వెలుతురే, కదలకండి" అంది. తెర మీద నా నుదురు వచ్చింది. అరవై నాలుగేళ్ళలో నా నుదుటిని ఎవరైనా అంత శ్రద్ధగా చూడడం అదే మొదలు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

మెట్లు దిగుతుంటే మా ఇంటావిడ అడిగింది. "ఏంటండీ మీరు చేసిందీ?"

"తండ్రిని నేను. ఆ మాత్రం హక్కు లేదా?"

"హక్కు సంగతి కాదండీ. దాని మొహం సంగతి."

నేను వినిపించుకోలేదు. ఆమె తమ్ముడితోనూ అనలేదు. మొగుడిని పట్టిచ్చినట్టవుతుందని మింగేసింది.

ఐదు రోజుల తరువాత రమ్మన్నారు. అసలు ముక్కకి ముందు మామూలు ప్లాస్టిక్కుతో నమూనా తీస్తారు. తెల్లటి పుర్రె, దానికి అమర్చిన నుదుటి ముక్క. అమ్మాయి బయట బల్ల మీద కూర్చుంది, లోపలికి రానంది. మా బావమరిది ఆ పుర్రెని రెండు చేతులా అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. మొహం ముందుకి ఉండేలా పెట్టుకున్నాడు, ద్రాక్షారామంలో పిల్లని కూర్చోబెట్టుకున్నట్టు. జేబురుమాలు తీసి దాని మీద పరిచాడు. కళ్ళు మూసుకుని అరచెయ్యి పోనిచ్చాడు.

చెయ్యి ఒక చోట ఆగింది. కళ్ళు తెరిచి ఇంజనీరమ్మాయికేసి చూడలేదు. నాకేసి చూశాడు.

"పని చాలా నున్నగా ఉందమ్మా" అన్నాడు. "ఒక్క ఐదు నిమిషాలు. బావగారికి టీ వేళయింది."

ఆసుపత్రి గేటు పక్కన టీ కొట్టు. గ్లాసు నా చేతికిచ్చి మెల్లగా అన్నాడు. "బావగారండి, ఆ నుదురు మీది."

"అయితే ఏంటోయ్?"

"ఏం లేదండి. మీది మంచి నుదురే. కాకపోతే వెనక్కి వాలుతుంది. మన అమ్మాయిది నిలువుగా లేచి పైన తిరుగుతుంది. ఇది పెడితే రేపు అద్దంలో దానికి ఇంకెవరో కనబడతారండి."

"నా కూతురికి నా నుదురుంటే తప్పేంటి?"

"తప్పని కాదండి. తొందరపడి ఒక దెబ్బ కొడితే రేకు మర్చిపోదు. ఇంకో రేకు వేసుకోవచ్చు. ఇది అలా కాదండి. బిగించాక మళ్ళీ విప్పడమంటే దాని తల మళ్ళీ కొయ్యాలి."

నాకు కోపం నషాళానికి అంటింది. టీ కొట్టు దగ్గర పదిమంది ఉన్నారని కూడా చూడలేదు. "పుట్టినప్పుడూ నువ్వే! గుండు చేసినప్పుడూ నువ్వే! సైకిలూ నువ్వే! నా పిల్లలో నాకంటూ ఒక్క ముక్క వదలవా?" అని అరిచాను.

అతను గ్లాసు బల్ల మీద పెట్టి టీ డబ్బులు ఇచ్చాడు. అన్నేళ్ళుగా నా కడుపులో ఉన్నదేమిటో అప్పుడే తెలిసినట్టుంది పాపం. "పదండి. మీరేమీ చెప్పద్దు, నేను చూసుకుంటాను" అన్నాడు.

పైకి వెళ్ళాక ఇంజనీరమ్మాయితో, "అమ్మా, స్కాను తీసినప్పుడు బావగారు తల ఎత్తి కూర్చున్నారేమో, వంపు కొంచెం మారినట్టుంది. నాది కూడా తీసి పక్కన పెట్టి చూడండి. మేనమామని కదా" అన్నాడు. నన్ను పట్టివ్వలేదు. నేను అబద్ధం చెప్పానన్న మాట ఆ గదిలో పడనివ్వలేదు.

తెర మీద నా నుదురు పెట్టినప్పుడు కణతల దగ్గర, మిగిలిన ఎముక అంచుకీ దానికీ మధ్య చిన్న మెట్టు ఉంది. ఆ మెట్టుని నున్నగా కలిపేసి నమూనా తీసిందట ఆ అమ్మాయి. అతనిది పెట్టగానే మెట్టు లేదు. ఎముక తనంతట తానే వచ్చి కలిసినట్టు కలిసింది. "ఇదేనండీ!" అని ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. మా బావమరిది లేవలేదు, నవ్వలేదు. తల దించుకుని జేబురుమాలు మడతపెట్టుకున్నాడు.

రెండో నమూనా వచ్చాక అమ్మాయి లోపలికి వచ్చింది. టోపీ తియ్యకుండానే నిలబడి, కళ్ళు మూసుకుని, దాని మీద చెయ్యి పోనిచ్చింది. ఎవరు నేర్పారో అడగాలా? "నాన్నా, ఇది నేనే" అంది. మావయ్యా అనలేదు, నాన్నా అంది. ఆ మాట నేను దాచుకున్నాను.

అసలు ముక్కని టైటానియంతో చేశారు. లోహపు పొడి పలుచగా పరిచి, లేజరుతో కావలసిన చోట కరిగించి, దాని మీద మరో పొర, మరో పొర. "రేకు లేకుండానే వెల్డింగు అన్నమాట!" అని మా బావమరిది చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. వచ్చిన ముక్క నిండా సన్నటి చిల్లులు చూసి మాత్రం మొహం ముడుచుకున్నాడు. "చిల్లులేంటమ్మా?" అన్నాడు. కింద నీరు చేరకుండా, కండ పట్టు దొరికేందుకు అని చెబితేగాని ఊరుకోలేదు.

ఆపరేషను ముందు అమ్మాయికి గుండు చేశారు. అది మంచం మీద కూర్చుని, "మావయ్యా, నీ ఒళ్ళో కూర్చోవాలా ఇప్పుడూ?" అంది. "నా మోకాళ్ళు అప్పటివి కావే తల్లీ" అన్నాడు. అందరం నవ్వాము. గుండయ్యాక అతను దగ్గరకి వెళ్ళి, చెయ్యి ఎత్తి, ఆగి, నాకేసి చూశాడు. "బావగారండి, మీరు పెట్టండి" అన్నాడు. టీ కొట్టు మాటలు మర్చిపోలేదన్నమాట. నేను వెళ్ళి నా కూతురి తల మీద చెయ్యి పెట్టాను. నా అరచేతికి ఏమి తెలిసిందంటే, వెచ్చగా ఉందని. అంతే తెలిసింది. అది చాలనిపించింది.

సర్జనుగారు బయటికి వచ్చి బాగా జరిగిందని చెప్పగానే నేను ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. మా బావమరిది ఒక్కటే అడిగాడు: "అంచున ఎక్కడైనా మెట్టు తగిలిందాండి?" లేదన్నారు. "అయితే కట్టు విప్పిన రోజున వస్తాను. ఒక్కసారి చెయ్యి వేసి చూస్తాను" అని ఊరికి వెళ్ళాడు. ఆ చూడడం మిగిలిపోయింది.

నిన్న కుట్లు విప్పారు. మేడ మీదకి వెళ్ళి ఇంజనీరమ్మాయికి అతని సంగతి చెప్పాను. ఆమె కంప్యూటరు తెరిచి, "ఇది మీకు తెలుసాండీ?" అని చూపించింది. నుదుటి ముక్క అంతా నీలం రంగు. కింద, రెండు కనుబొమల మధ్య నుంచి ఒక అంగుళం పైకి మాత్రం పసుపు రంగు.

"నీలం అంతా ఆయనదండి. ఈ పసుపు మీది. రెండో నమూనా తియ్యకముందు ఆయనొక్కరే వచ్చారు. మొదటి దాని మీద మళ్ళీ చెయ్యి పెట్టి చూసి, 'ఇక్కడ మాత్రం బావగారిదే సరి అమ్మా, నాది కాదు. ఇది తియ్యకండి' అన్నారు."

సరిగ్గా బొట్టు పెట్టుకునే చోటు.

అది నిజమో, టీ కొట్టు దగ్గర నేను అరిచినందుకు నా మీద జాలో నాకు తెలియదు. ఇక అడిగేందుకు లేదు. అరచేతికి అబద్ధం రాదన్నది అతనే కాబట్టి, నిజమనే అనుకుంటున్నాను. అయినా చూడండి, నేను ఒక అబద్ధంతో మొత్తం నుదురు లాక్కోబోతే, అతను నోరెత్తకుండా నాకొక అంగుళం ఇచ్చి వెళ్ళాడు. ఇవ్వడంలో కూడా నాకంటే ముందే ఉన్నాడు. చచ్చిపోయిన మనిషి మీద అసూయేంటండీ అంటారు. ఏం చెయ్యను, ఇంకా ఉంది.

ఇక బొట్టు సంగతి అందరికీ చెప్పాలి. మా ఇంటావిడ చెబుతుంటే క్యాలెండరు వెనక రాసుకుంటున్నాను:

కాకినాడలో మా పెద్దక్కకి. ఆమెకి చెవి సరిగ్గా వినబడదు, రెండుసార్లు చెప్పాలి. కాలి బొటనవేలు ఒక్కటే కాదని కూడా చెప్పాలి.

సామర్లకోటలో మేనల్లుడికి. రోజూ అడుగుతున్నాడు.

పోలవరంలో మా తోడల్లుడికి. ఫోను ఎత్తకపోతే వాళ్ళ పెద్దమ్మాయికి.

మా అత్తగారికి. కొడుకు పోయిన ఇల్లు, సంతోషం చెప్పవచ్చునా అని మా ఇంటావిడ సందేహం. చెప్పాలన్నాను. ఆ నుదుటిని మొట్టమొదట గుర్తుపట్టింది ఆవిడే.

వీళ్ళలో ఎవరైనా అమ్మాయిది ఎవరి పోలిక అని అడిగితే, మేనమామ పోలికే అని చెప్పాలి. నేనే చెబుతాను, గట్టిగా.

ఆఖరున మా బావమరిది భార్యకి. ఆవిడకి ఫోనులో కాదు. రేపు పొద్దున్న అమ్మాయే వెళ్ళాలి. వెళ్ళి, ముసుగు తీసి, తల వంచి నిలబడాలి. ఆవిడ అరచెయ్యి పెట్టి చూసుకుంటుంది. ఎంతసేపు చూసుకున్నా సరే. నేను గుమ్మం బయటే ఉంటాను.